అసుర పాత్రల పరంపరలో రంగారావు

తెలుగు ప్రేక్షకునకు రాక్షసునియందు గల మమకారము నేటిది కాదు. తోలుబొమ్మలాటలో రావణుని బొమ్మ తెరమీదికి వచ్చువేళకై పిల్లలు నిద్ర నాపుకొని కాచుకొనియుండుటయు, కూచిపూడి భాగవతుల ప్రహ్లాద నాటకమున హిరణ్యకశిపుని ప్రవేశమునకు ఊరంతయు నిటారుగా కూర్చుండుటయు మన పల్లెలెరిగిన ముచ్చటలే. కడకు దేవుడే గెలుచునని ఎల్లవారికిని ముందే తెలియును. ఓడిపోవువాడు ఓటమికి ముందు ఎంత ఎత్తున నిలువగలడో చూచుటకే జనులు దీపపు వెలుగులో తెల్లవారుదాక మేల్కొనెడివారు.

చలనచిత్రము మన భాషలో మాటలు నేర్చిననాడు సైతము మొదట చెప్పినది ఈ కథయే. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున బొంబాయిలో తయారైన ‘భక్త ప్రహ్లాద’లో సురభి కమలాబాయి లీలావతిగను, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగను నటించిరి. పదేండ్ల పిమ్మట, 1942లో, చిత్రపు నారాయణమూర్తి ఆ కథనే మరల తీసినప్పుడు దానవరాజు కిరీటము వేమూరి గగ్గయ్య శిరమున కెక్కెను. మరి పాతికేండ్లు గడచిన వెనుక, 1967లో, అదే నారాయణమూర్తి ఏ.వి.ఎం. వారి కొరకు అదే కథను రంగులలో తీయగా, ఆ కిరీటము సామర్ల వెంకట రంగారావుగారిని వరించెను. సుబ్బయ్య నుండి రంగారావు వరకు గల ఈ ముప్పదియైదు సంవత్సరములలో తెలుగు తెరపై అసురుడు ఏ విధముగా మారినాడో, ఎందువలన మారినాడో పరిశీలించిన, ఒక నటుని వైవిధ్యమునకు మూలము కొంతవరకు బోధపడగలదు.

మొదటి టాకీలకాలమున నటుడు కెమెరా యెదుట నిలిచి తానే పాడవలెను. చిత్రమును శబ్దమును ఒక్కసారిగనే పట్టుచుండిరి. అందువలన పద్యనాటక రంగస్థలముపై రాగము తీసి, వెనుక వరుసలోని ప్రేక్షకునకు సైతము వినిపించునట్లు పద్యము చదువగల గాయకనటులకే పౌరాణిక పాత్రలు దక్కుచుండెను. వారిలో గగ్గయ్య అగ్రగణ్యుడు. 1933లో చిత్తజల్లు పుల్లయ్య తీసిన ‘సతీ సావిత్రి’లో యముడుగా ఆయన చూపిన ఉద్ధతి పెద్దలనోట చాలకాలము నిలిచెను. ఆ తరమువారిని తక్కువచేయుట నా యభిమతము కాదు. విద్యుద్దీపములు, ధ్వనియంత్రములు సరిగా లేని పందిళ్ళలో వేలమంది నోళ్ళు మూయించిన కంఠములవి. వానిముందు మైకు పెట్టినంతమాత్రమున అవి తగ్గి పలుకవలెననుట న్యాయమా? అయినను నిజము చెప్పవలసియున్నది: ఆ అసురుడు పద్యమున జీవించెను, పద్యమునకును పద్యమునకును నడుమ కేవలము నిలిచియుండెను. అతని కన్నులు ఏమి చేయుచున్నవో చూచుటకు కెమెరా దగ్గరకు పోలేదు. పోయినను అచ్చట చూడదగినది అంతగా లేకుండెను.

పిదప నేపథ్యగానము వచ్చెను. ఒకరు పాడగా మరియొకరు పెదవి కదపవచ్చునని తేలిన నాటితో, రాక్షసపాత్రకు పాటగాడే కావలెనన్న నియమము సడలిపోయెను. మన చలనచిత్ర చరిత్ర వ్రాయువారు ఈ మార్పును నాయికానాయకుల వరకే చెప్పి విడిచెదరు. నా దృష్టిలో దానివలన అందరికంటె ఎక్కువగా లాభపడినది ప్రతినాయకుడే. పద్యపు భారము మాధవపెద్ది సత్యము వంటి గాయకుని భుజములకు మారగా, మాటయు, చూపును, నడకయు, మౌనమును నటుని చేతికి వచ్చినవి. పాడలేని ఒక నటుడు, పాడలేడు గనుకనే, వీనియందు పరిశ్రమ చేసి సిద్ధముగా నుండెను.

రంగారావు 1918 జూలై 3వ తేదీన నూజివీడులో జన్మించెను. కాకినాడలో బి.ఎస్సీ. చదువుచు, అచ్చటి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో వేషములు వేసెను. అంజలీదేవి, ఆదినారాయణరావు మొదలగువారు కూడ ఆ క్లబ్బు నుండియే వచ్చిరనగా, ఆ చిన్న సమాజము తెలుగు చిత్రసీమకు చేసిన ఉపకారమెంతటిదో ఊహింపవచ్చును. అది పద్యనాటక సమాజముల బాణీకి దూరముగా, చదువుకొన్న యువకులు గద్యసంభాషణపై మక్కువతో నడపుకొన్న రంగస్థలము. చదువు ముగిసిన తరువాత ఆయన అగ్నిమాపక శాఖలో అధికారియై బందరు, విజయనగరములందు పనిచేసెను. నాటకములపై ప్రీతి ఆ ఉద్యోగమున నిలువనీయలేదు. 1947లో బి.వి. రామానందం తీసిన ‘వరూధిని’లో ప్రవరుడుగా తెరకెక్కెను, చిత్రము పరాజయము పొందెను. జంషెడ్పూరునకు పోయి టాటా కంపెనీలో ఉద్యోగమున చేరిన ఆ యువకుని, మద్రాసు మరల పిలువకుండినచో, ఏ గుమాస్తాల జాబితాలోనో ఆ పేరు మిగిలిపోయెడిది.

మరలివచ్చిన వెనుక, 1950లో విజయావారి తొలి చిత్రమైన ‘షావుకారు’లో సున్నం రంగడను పల్లెటూరి రౌడీగా ఆయన కనిపించెను. పాత్ర పెద్దది కాదు. ఎల్.వి. ప్రసాదు చెప్పిన ఆ ఊరికథలో అందరును తమ యింటి మనుష్యులవలె మసలుచుండగా, రంగడును ఆ ఊరి అరుగులపై ఎన్నడో మనము చూచినవాడే యనిపించెను. దాని తరువాతి సంవత్సరమే కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’ వెలువడెను.

అందు ఆయన వేసిన నేపాళ మాంత్రికుని గూర్చి తెలుగువారికి క్రొత్తగా చెప్పుట కష్టము. ఒక్క సంగతి మాత్రము జ్ఞాపకము చేసెదను: 1951 మార్చిలో ఆ చిత్రము విడుదలైననాటికి రంగారావు వయస్సు ముప్పదిరెండు. ఆ గడ్డము, ఆ పొడవైన దుస్తులు, ఆ కనుబొమలు వేషము కూర్చినవారి ప్రజ్ఞయే కావచ్చును. గొంతులోని ముసలితనము మాత్రము ఆయనది. పింగళి నాగేంద్రరావు వ్రాసిన మాటలను ఆయన పరుగెత్తింపలేదు. ఒక్కొక్క మాటను నాలుకపై త్రిప్పి రుచిచూచి, కడపటి అక్షరమును సాగదీసి, దానివెనుక ఒక చిరునవ్వును వదలెను. ‘డింభకా’ యన్న పిలుపు ఊరూర పిల్లల యాటలలోనికి పోయినదన్న, ఆ పదము నిఘంటువులో నుండుటచేత కాదు, ఆ పిలుపులోని బుజ్జగింపునకును బెదరింపునకును నడుమ గీత యెక్కడో వినువానికి తెలియకుండుటచేతనే. గగ్గయ్యగారి యముడు ప్రేక్షకుని వెనుకకు నెట్టెను; ఈ మాంత్రికుడు దగ్గరకు రమ్మని పిలిచెను. వెనుకటి అసురునకు లేని సొగసు ఇది.

ఇట్టి నటుని చేతిలో గృహస్థుల పాత్రలు ఎట్లుండునో పరీక్షింపదలచిన, ‘మిస్సమ్మ’లోని జమీందారును చూడవలెను. భార్య పాత్ర వేసిన ఋష్యేంద్రమణి ప్రక్కన కూర్చుండి, ఇంటికి వచ్చిన పంతులుగారిని పంతులమ్మను ఆదరించు ఆ భూస్వామి ముఖమున అధికారపు నీడయైనను లేదు. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో ఆయన రామారావునకు, నాగేశ్వరరావునకు తండ్రి. నందమూరి తారక రామారావు ఆయన కంటె ఐదేండ్లు మాత్రమే చిన్న. తండ్రి యని నమ్మించుటకు తల నెరపించినంత చాలదు. కుమారుల అల్లరిని చూచియు చూడనట్లు నటించు పెద్దమనిషి తనము కావలెను. అది ఆయన చేతికర్రను పట్టు పద్ధతిలోనే కలదు.

గృహస్థ పాత్రలలో శిఖరము ‘బంగారు పాప’లోని కోటయ్య. 1955లో బి.ఎన్. రెడ్డి, జార్జి ఇలియట్ నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారముగా, పాలగుమ్మి పద్మరాజుచే మాటలు వ్రాయించి తీసిన ఈ చిత్రమున కోటయ్య లోకముపై కసి పెంచుకొన్న మొరటు మనిషి. దిక్కులేని పసిబిడ్డ యొకతె అతని చేతిలో పడును. ఆ బిడ్డను ఎత్తుకొనుట ఎరుగని పెద్ద చేతులు తడబడుచు నేర్చుకొనుటయే ఆ కథ. అసురునకు అలవడిన ఆ భారీ విగ్రహము, ఆ మోటు అడుగు ఇచ్చట కరుణకు సాధనములైనవి. సన్నని దేహము గల నటుడు ఎంత సమర్థుడైనను ఈ పాత్రలో ఇంత కదలింపజాలడని నా దృఢ విశ్వాసము. ఇంతటి పాత్ర నేడు మాంత్రికునివలె జనుల నోట నానకపోవుట చూచి నాకు బాధ కలుగును.

ఘటోత్కచుని కడకు వత్తము. 1957లో ‘మాయాబజార్’ తెలుగునందును తమిళమునందును తయారు కాగా, రెంటను ఘటోత్కచుడు ఆయనయే. మార్కస్ బార్‌ట్లే కెమెరా తంత్రమున భక్ష్యములు తమంతతామే ఎగిరివచ్చు విందును అందరును మెచ్చుకొందురు. నేను మెచ్చుకొనునది వేరొకటి. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారినవెనుక తెరపై మనకు కనిపించునది సావిత్రి. ఆమె యందు ఘటోత్కచుడున్నాడని మనము ఒక్కక్షణమైనను మరువము. అంగలు వేయు ఆ తీరు, తల ఎగురవైచి చూచు ఆ చూపు, ఎదుటివానిని లెక్కసేయని ఆ ధాటి, అన్నియు రంగారావునుండి ఎత్తుకొన్నవే. ఒక నటుడు తన పాత్రకు కల్పించిన నడక, మరియొక దేహములోనికి ప్రవేశించియు గుర్తింపబడవలెనన్న, ఆ నడక మొదట ఎంత స్పష్టముగా తీర్చబడియుండవలెను! అనుకరించిన మహానటి ప్రతిభకు అది నిదర్శనమగుటతోపాటు, అనుకరింపబడినవాని పనితనమునకు అంతకుమించిన సాక్ష్యము మరియొకటి లేదు.

1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వచ్చిన ‘నర్తనశాల’లో ఆయన కీచకుడు. ఇందు భీముడుగా నటించినవాడు దండమూడి రాజగోపాలరావు, నిజముగా బరువులెత్తిన వస్తాదు. అట్టివాని చేతిలో చావవలసిన పాత్రకు తగిన కండబలము చూపుటయే చాలుననుకొను నటుడు ఎవడైనను కండలనే నమ్ముకొనును. రంగారావు కీచకునకు రసికత నిచ్చెను. మాలిని పేర మారువేషమున నున్న ద్రౌపదిని చూచిన క్షణమున అతని కన్నులు సగము మూతపడును, గొంతు దిగును, మత్తులో నున్నట్లు తూగుచు నడచును. కామాంధుని చూచి అసహ్యించుకొనుచునే, వీడు రాజభోగమున పెరిగినవాడు, కాదనుట ఎరుగనివాడు, వీనికి రాబోవు మృత్యువు తెలియదు గదా యని మనకు తోచును. జకార్తాలో 1964లో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఈ పాత్రకే ఆయనకు ఉత్తమనటుని బహుమతి లభించెను. తెలుగు తెలియని న్యాయనిర్ణేతలకు పద్యము, సంభాషణ, సమాసముల సొంపు ఏమియు అందవు. వారికి అందినది కన్నులును నడకయు మాత్రమే.

ఇంత సాధన ముగిసిన పిదప 1967నాటి హిరణ్యకశిపుడు వచ్చెను. ప్రహ్లాదుడు బాలతార రోజారమణి. నారదుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. లీలావతి, కాకినాడ నాటకముల నాటి సహచరి అంజలీదేవి. ఈ దానవుడు కుమారుని దండింపకముందు ముద్దాడెను. గురుకులమునుండి వచ్చిన బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చితివని అడుగువేళ ఆ ముఖమున నున్నది ఏ తండ్రి ముఖముననైనను ఉండునదే. బిడ్డ విష్ణునామము పలుకగనే ఆ వెలుగు ఒక్కసారిగా ఆరిపోదు. నమ్మలేనితనము, బుజ్జగింపు, అవమానము, కోపము వరుసగా వచ్చును. పాములచే కరపించుమని, ఏనుగులచే త్రొక్కించుమని ఆజ్ఞయిచ్చునప్పుడు సైతము ఆ కన్నులలో తండ్రి చావలేదు. 1942లో గగ్గయ్యచే కంఠము విప్పించిన దర్శకుడే, పాతికేండ్లకు ఈ నటునిచే కన్నులు విప్పించెననుట మన చిత్రచరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన సంగతి.

అటుపై ఆయన మెగాఫోను సైతము పట్టి ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ అను చిత్రములకు దర్శకత్వము వహించెను. రెండును కుటుంబకథలే. 1974 జూలై 18వ తేదీన మద్రాసులో హృద్రోగముతో మరణించెను. కంసుడుగా నటించిన ‘యశోద కృష్ణ’ ఆయన పోయిన మరుసటి యేట విడుదలయ్యెను. అర్ధాయుష్కుడనదగిన వయస్సు, ఏబదియారేండ్లు.

ఆయన విడిచిన కిరీటములను కైకాల సత్యనారాయణ అందుకొని, ‘యమగోల’లో యముడుగను, 1995లో ‘ఘటోత్కచుడు’గను మెప్పించెను. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరులో ఆరంభమైనది గనుక రంగారావు టెలివిజను కొరకు నటింపలేదు. అయినను ఆయనను ఎరిగిన తరువాతి తరములవారిలో పెక్కుమంది, కొట్టాయిలో గాక ఇంటిలోని ఆ చిన్న తెరపైననే తొలిసారి ఆయనను చూచినవారు. చిన్న తెర ఆయనను మరల మరల చూపుచున్నది. కాని చూపునది ఎప్పుడును మాంత్రికుని, ఘటోత్కచుని, అందును ఏవో కొన్ని ఘట్టములను. ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దిరి. ‘బంగారు పాప’ను సంపూర్ణముగా, మంచి ప్రతితో, ప్రకటనల ముక్కలు లేకుండ ఒక్కసారి చూపిన, కోటయ్యను చూడని యువకులు మాంత్రికుని సైతము మరియొక కన్నుతో చూతురు. ఆ పని చేయవలసిన వారు త్వరపడవలెను. పాత ప్రతులు నానాటికి చెడిపోవుచున్నవి.