గాలిలో మాటకు దుబాసీ

పూర్వం చెన్నపట్నంలో ఇంగ్లీషు దొరలకూ మనవాళ్లకూ నడుమ దుబాసీలు ఉండేవారు. దుబాసీ రాని రోజున ఎదురెదురుగా కూర్చున్నా బేరం కుదిరేది కాదు. కంప్యూటరులో ‘డ్రైవర్’ అనే చిన్న ప్రోగ్రాము చేసేదీ ఆ పనే. వైఫై చిప్పుది ఒక భాష, విండోస్‌ది మరో భాష. నడుమ డ్రైవర్ చెడితే, చిప్పు బాగానే ఉన్నా నెట్ రాదు.

మనం చదువుకునే రోజుల్లో మనకు తెలిసిన వైర్‌లెస్ అంటే రేడియోనే. కానీ 1971లోనే హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియో తరంగాలతో కలిపింది. దాని పేరు అలోహానెట్. 1997లో 802.11 ప్రమాణం వచ్చింది. అప్పటి వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో అది 11కు పెరిగింది, వైఫై అన్న పేరూ ఆ ఏడాదే పుట్టింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005 జనవరిలో ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది.

తరంగాలకు దారి దొరికినా దుబాసీల కొరత తీరలేదు. కొందరు తయారీదారులు చిప్పుల లోపలి వివరాలు చెప్పకపోవడంతో, లైనక్స్ వాడేవారు ‘ఎన్‌డిఐఎస్ రాపర్’ అనే ప్రోగ్రాము పెట్టుకుని విండోస్ డ్రైవర్‌నే అరువు తెచ్చుకున్నారు. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్పుల డ్రైవర్‌ను సోర్సు కోడ్‌తో సహా విడుదల చేశాక వారికి కొంత ఊరట కలిగింది.

ఈ సంగతులు నాకు అక్కరకొచ్చింది 2020 మే నెలలో. బడులు మూతపడి ఉన్నాయి. రిటైరైన మన లెక్కల సార్ నగరిలో తన ఇంటి నుంచే పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్లో పాఠాలు చెబుతున్నారు. ఒక మధ్యాహ్నం బెంగళూరులో ఉన్న నాకు ఫోన్ చేశారు.

“ఏం నాయనా, రాత్రి ఏదో అప్‌డేట్ అయింది. పొద్దున్నుంచి వైఫై గుర్తే కనపడలేదు. ఐదు గంటలకు పిల్లోళ్లు కాచుకోని ఉంటారు.”

ఫోన్‌లో వైఫై వస్తోంది కాబట్టి తప్పు రౌటర్‌ది కాదు. డివైస్ మేనేజర్ తెరిపించాను. అడాప్టర్ పక్కన పసుపు రంగు గుర్తు. పాత డ్రైవర్‌కు మళ్లించే ‘రోల్ బ్యాక్’ బటన్ పనిచేయలేదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టించాను. అది ఆ పూటకే, రోజూ కుదిరేది కాదు. ఇక చిప్పు ఏదో తెలియాలి. ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చదవమన్నాను. అంకెల మధ్య అక్షరాలు వచ్చాయి. సార్ ఒక క్షణం ఆగి, “ఇది పదహారు ఆధారమా?” అన్నారు. నల్లబల్ల మీద మనకు ద్విసంఖ్యామానం నేర్పింది ఆయనే కదా!

ఆ ఐడీకి సరిపోయే డ్రైవర్‌ను వెతికి, చెడినదాన్ని తీసేసి, దీన్ని వేసి, రీస్టార్ట్ చేసేసరికి నాలుగున్నర దాటింది. వైఫై వచ్చింది. పాఠం ఆగలేదు. మిత్రులారా, మీ ఇంటి కంప్యూటరు వైఫై డ్రైవర్‌ను ఇప్పుడే ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

జూన్‌లో ఆ ఏడాది పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఇంత చెప్పిందీ వృథా అయిందే సార్ అన్నాను.

“పరీక్ష పోతే పోనీ నాయనా, లెక్క వచ్చింది గదా” అన్నారు.