స్విచ్చి ముట్టకు!

తలుపు లాగుతారు. రాదు. గోడకు కాలు తన్నిపెట్టి మళ్లీ లాగుతారు. కీచుమని తెరుచుకుంటుంది. పాత బొంతల వాసన, తడి సున్నం వాసన ఒక్కసారిగా ముఖానికి కొడతాయి.

హైదరాబాద్ పాతబస్తీ, లాల్‌దర్వాజా. మీ అత్తగారిల్లు. రాయి, డంగు సున్నంతో కట్టిన గోడ మందంగా ఉండబట్టే దాని పొట్టలో రెండడుగుల లోతు అల్మారా పట్టింది. ఇలాంటివే చిన్న గూళ్లయితే పక్కింటి ఉర్దూలో తాఖ్ అంటారు. అల్మారాలో ఉన్నదేమిటి? విరిగిన ఫ్యాను రెక్కలు, పెళ్లిపత్రికల కట్టలు, మూతల్లేని గిన్నెలు. వంటింటి అల్మారా ఇలా నిండిపోతే ఉల్లిగడ్డలు మంచం కింద, బియ్యం సంచి దారికి అడ్డం. నెల తిరిగితే ఆషాఢం. బోనాలకు ఇల్లంతా చుట్టాలే.

"అండ్ల ఏం పెట్టినా పురుగే పడ్తది బిడ్డా," అంటుంది అత్తమ్మ.

గోడ మీద వేలితో నొక్కండి. పెచ్చు ఊడి చేతిలోకి వస్తుంది. వెనక తెల్లటి ఉప్పు పొర. మధ్యలో ఎవరో సిమెంటు పూశారు. మేస్త్రీ మళ్లీ సిమెంటే అంటాడు. ఒక్క రోజులో పని అయిపోతుంది. ఒప్పుకుంటారా? సున్నపు గోడ నేలలోంచి చెమ్మను పీలుస్తుంది, గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే నీరు లోపలే నిలిచి పూతను తోసేస్తుంది. మీ చేతిలో ఉన్న పెచ్చు అదే చెబుతోంది. సున్నమే పూయమంటారు. ఆరేదాకా రోజుల తరబడి తలుపులు బార్లా తెరిచి ఉంచుతారు.

అరల పాత చెక్కను తడితే డొల్ల చప్పుడు. అంచున చెదల మట్టి గీత. చెక్క వద్దు, షాబాద్ బండలు వేయిస్తారు.

డబ్బాలు సర్దడం మొదలుపెడతారు. ఇక్కడే అసలు చిక్కు. లోతు ఎక్కువ. వెనకున్న మినప్పప్పు కోసం చేయి పెడితే ముందు వరసంతా కూలుతుంది. కాసేపు అలాగే నిలబడి చూస్తారు. బొమ్మల కొలువు గుర్తొస్తుంది. ప్రతి అరలో వెనక సగానికి ఒక పీట. వెనక డబ్బాలు మెట్టెక్కి ముందువాటి మీదుగా చూస్తాయి. రోజూ తీసే ఉప్పు, కారం, పసుపు కళ్లెదుట. మీరాలం మండీ చింతపండు జాడీలో. పండగ గిన్నెలు పైకి.

కింది అర ఖాళీగా మిగిలింది. "సిలిండర్ ఇండ్ల పెట్టి తలుపేస్తే సాఫ్‌గ కనిపిస్తదమ్మా," అంటాడు వడ్లాయన. నిజమే, చక్కగా ఉంటుంది. సరేనంటారు. పైపుకు చిల్లు కొడతాడు. లోపల చీకటి కదా, బల్బు కూడా. స్విచ్చి తలుపు పక్కనే.

శుక్రవారం రాత్రి. అందరూ పడుకున్నారు. మంచినీళ్లకు వంటింట్లోకి వస్తారు. ఏదో వాసన. కుళ్లిన క్యాబేజీలా. అల్మారా దగ్గరికి పోతే ఘాటెక్కువ. తలుపు తెరుస్తారు. చీకటి. చేయి స్విచ్చి మీదికి వెళుతుంది.

"ముట్టకు!"

అత్తమ్మ గొంతు. వేలు ఆగుతుంది.

గ్యాసు. గాలికన్నా బరువు. పైకి పోదు. కాళ్ల దగ్గరే పేరుకుంటుంది. మూసిన అర దానికి గిన్నె. స్విచ్చిలో ఒక్క రవ్వ చాలు.

తడుముతారు. రెగ్యులేటర్. తిప్పుతారు. ఆగింది.

దేవుడి గూట్లో దీపం! అత్తమ్మ వత్తిని వేళ్లతో నలిపి ఆర్పుతుంది. కిటికీ. తలుపు. పిల్లలు. బయటికి. వీధిలోకొచ్చాకే ఫోన్ తీస్తారు. 1906. గ్యాసు లీకైతే పిలవాల్సిన నంబరు.

వచ్చిన మనిషి వాల్వులోంచి చిన్న రబ్బరు రింగు తీసి మీ అరచేతిలో పెడతాడు. పగిలింది. గాలాడే చోట ఉంటే ఈ వాసన ఎప్పుడో తెలిసేది. తలుపేసిన అర దాన్ని లోపలే దాచి పెట్టింది. తెల్లారేసరికి 14.2 కిలోల సిలిండర్ కిటికీ పక్కన, గట్టు కింద, నిటారుగా నిలబడి ఉంది. కనిపిస్తుంది. కనిపించనివ్వండి. కింది అరలోకి బియ్యం డ్రమ్ము వెళ్లింది. నేల తగలకుండా కింద పలక, బియ్యంలో ఎండు వేపాకు.

బోనాల ఆదివారం. ఇంకా వెలుగు రాలేదు. పసుపు పూసిన కొత్త కుండ పొయ్యి పక్కన. పాలు పొంగుతున్నాయి. అత్తమ్మ కళ్లు పాల మీదే. ఎడమ చేయి వెనక్కి చాపింది. రెండో అర, ముందు వరస, మూడోది. బెల్లం డబ్బా.