ప్రమేయాలు: ఇంటర్ గణితం, కృష్ణా వరద

ఒక సమితిలోని ప్రతి మూలకానికీ మరో సమితిలో ఒకే ఒక్క మూలకాన్ని జతచేసే సంబంధం ప్రమేయం. మొదటి సమితి ప్రదేశం, రెండోది సహప్రదేశం, నిజంగా జతపడిన విలువల సమితి వ్యాప్తి. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ మొదటి సంవత్సరంలో చాలాకాలం నడిచిన 75 మార్కుల గణితం 1ఎ పేపరుకు ఇదే తొలి అధ్యాయం. దీని నుంచి సాధారణంగా రెండు మార్కుల ప్రశ్నలు రెండు, ఏడు మార్కుల ప్రశ్న ఒకటి వచ్చేవి. చిన్నవి ఎక్కువగా ప్రదేశం కనుక్కోమనేవి. పెద్దది సంయుక్త, విలోమ ప్రమేయాల మీద సిద్ధాంతం. ఆ సిద్ధాంతాలు కొన్నే, మళ్లీమళ్లీ వచ్చేవే. అందుకే రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకు పేరుపడ్డ విజయవాడలో కంఠస్థం చేస్తే చేతికొచ్చే మార్కులివి. అయితే నిరూపణ అప్పజెప్పగలిగినంత మాత్రాన, అన్వేకం (వేర్వేరు మూలకాలకు వేర్వేరు విలువలిచ్చేది) కాని ప్రమేయానికి విలోమం ఎందుకుండదో అర్థమైనట్టు కాదు. అది అర్థం కావడానికి కావలసిన సరుకు ఊళ్లోనే, కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజి దగ్గర ఉంది.

అక్కడ ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది జారీ చేస్తారు. ఏ ప్రవాహానికైనా వర్తించే స్థాయి ఒక్కటే: సున్నా, ఒకటి, లేదా రెండు. కనుక ఇది ప్రమేయం. వెనక్కి వెళ్లబోతేనే చిక్కు. ఆరు లక్షలప్పుడు వర్తించేది రెండో హెచ్చరిక. 2024 సెప్టెంబరులో ప్రవాహం 11 లక్షలు దాటినప్పుడూ అదే. హెచ్చరిక విన్న లంకగ్రామాల వాళ్లకు ఏటిలో నీరెంతో దాన్నిబట్టి తెలియదు. ఇక లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఈ లెక్క అన్వేకం. టీఎంసీలు చెబితే సగటు ప్రవాహం రాబట్టవచ్చు. బ్యారేజి నిల్వ సామర్థ్యం మాత్రం సుమారు 3 టీఎంసీలే. గేట్లన్నీ మూసి ఉంటే లక్ష క్యూసెక్కులు ఖాళీ జలాశయాన్ని తొమ్మిది గంటల్లోపే నింపేస్తాయి, కాలంతో పాటు నిల్వ పెరుగుతుందనే సూత్రం అక్కడితో చెల్లదు. ప్రదేశం అంటే హారం సున్నా కాకుండా, వర్గమూలం కింద రుణసంఖ్య రాకుండా చూసుకోవడం ఒక్కటే కాదని ఇక్కడ తేలుతుంది.

ఇవి కొలతలూ పట్టికలే గాని గణితం కాదని, గణితానికి సూత్రం ఉండాలని ఎవరైనా అనవచ్చు. 1748 నాటి గ్రంథంలో గణితవేత్త ఆయిలర్ అభిప్రాయమూ దాదాపు ఇదే: చలరాశితో కట్టిన సమాసమే ప్రమేయం. 1837లో డిరిక్లే ఆ షరతు సడలించాడు. చలరాశి ప్రతి విలువకూ జతగా ఒక నిశ్చిత విలువ ఉంటే చాలు, అన్నిచోట్లా ఒకే సూత్రం నడవనక్కరలేదు. పాఠ్యపుస్తకంలోని నిర్వచనం ఈ దారిలోదే, హెచ్చరికల పట్టిక దానికి సరిగ్గా సరిపోతుంది.

పరీక్షకు ఇంత తీరిక ఎక్కడిదన్నది గట్టి ఆక్షేపణే. ఆ ఒత్తిడి లేదనడం అబద్ధం. కానీ అదే 1ఎ పేపరులో తర్వాత విలోమ త్రికోణమితీయ ప్రమేయాలు వచ్చేవి. సైన్ విలువ ½ అయ్యే కోణాలు అనంతం. విలోమం కావాలంటే ప్రదేశాన్ని −π/2 నుంచి π/2 వరకు కుదించాలి. హెచ్చరికల చిక్కే ఇక్కడా ఉంది. మొదట దాన్ని పట్టుకోని విద్యార్థి ఈ అవధులను మళ్లీ బట్టీ పడతాడు. మిగిల్చుకున్నామనుకున్న సమయం అలా రెండోసారి ఖర్చవుతుంది.

2025-26లో మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమం వచ్చింది. 11వ తరగతి పుస్తకంలో సంబంధాలు, ప్రమేయాలు రెండో అధ్యాయం. అన్వేక, సంగ్రస్త (సహప్రదేశమంతా జతపడే) ప్రమేయాలు, విలోమం 12వ తరగతి తొలి అధ్యాయానికి మారాయి. దాని వెంటనే విలోమ త్రికోణమితి. కారణమూ ఫలితమూ ఇలా పక్కపక్కన పడటం పాత వరుసకంటే మెరుగు, రెండు అధ్యాయాలనూ కలిపి చెప్పే ఓపిక క్లాసులో ఉంటే.