తీగ కట్టిన విమానాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు కోరారు. పెన్షన్, డి.ఎ. సంగతులు రాసే మిత్రులు చాలామంది ఉన్నారు కనుక నాకు తెలిసిన ఒక చిన్న చరిత్ర రాస్తున్నాను.

మన దేశంలో ఎన్.సి.సి. 1948లోనూ, దాని ఎయిర్ వింగ్ 1950లోనూ ఏర్పడ్డాయి. క్యాడెట్లకు నేర్పే విద్యల్లో ఏరోమోడలింగ్ ఒకటి. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో 'కంట్రోల్ లైన్' విమానం ఎగరవేయడం నేను అక్కడే నేర్చుకున్నాను. ఉద్యోగరీత్యా సిద్దిపేటకు వచ్చినా ఆ మోజు పోలేదు.

ఈ విమానానికి రేడియో ఉండదు. సుమారు 15 నుంచి 20 మీటర్ల పొడవున్న రెండు సన్నని ఉక్కు తీగలు మన చేతిలోని పిడికి కట్టి ఉంటాయి. విమానంలో 'బెల్‌క్రాంక్' అనే చిన్న మీట ఉంటుంది. పిడిని పైకి వంచితే తోక రెక్క కదిలి విమానం లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. ఇంధనం అయిపోయేదాకా మనమూ దానితోపాటు గిరగిరా తిరగవలసిందే!

ఈ పద్ధతికి పుట్టినిల్లు అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం. ఒబా సెయింట్ క్లెయిర్ 1930లలోనే బెల్‌క్రాంక్‌తో విమానం ఎగరవేశాడు. జిమ్ వాకర్ 'ఫైర్‌బాల్' అనే నమూనాతో దీనిని ఇంటింటికీ చేర్చాడు. 1950ల మొదట్లో జార్జ్ ఆల్డ్రిచ్ రూపొందించిన 'నోబ్లర్' విన్యాసాలకు ఒరవడి అయింది. మన దేశంలో కలకత్తా 'అరోరా' చిన్న డీజిల్ ఇంజన్లు పేరు పొందాయి. వాటి ఇంధనం ఈథర్, కిరసనాయిలు, ఆముదం ఇంచుమించు సమపాళ్ళలో కలిపినది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్లకు కందెనగా వాడినదీ ఆముదమే. మన మెట్ట పొలాల పంటకు ఆకాశంతో ఇంత బంధుత్వం ఉందని ఎందరికి తెలుసు?

ఇక అసలు విషయం. విమానం కూలితే మళ్ళీ కట్టుకోవచ్చు, నక్ష పోతే ఆ విమానమే పోయినట్లు. పాత నక్షలు చాలావరకు అమ్మోనియా ప్రింట్లు. వెలుతురు తగిలితే గీతలు వెలిసిపోతాయి, మడతల దగ్గర కాగితం చిరుగుతుంది. అందుకే నా దగ్గరున్నవాటిని ట్రేసింగ్ కాగితంపై అసలు కొలతలతో తిరిగి గీస్తున్నాను.

నక్ష ఒక్కటే చాలదు. బరువు ఎక్కడ ఉండాలో, తీగ ఎంత బిగువుగా ఉండాలో ఎగరవేసినప్పుడే చేతికి తెలుస్తుంది. గోడకు వేలాడే విమానం అది నేర్పదు. అమెరికాలో 1952 చివరిలోపు రూపొందిన డిజైన్లకే 'ఓల్డ్ టైమ్ స్టంట్' పేరుతో ప్రత్యేకంగా పోటీలు పెడుతున్నారు. పాతవాటిని బ్రతికించే మార్గం అదే.

మిత్రులారా! మీ ట్రంకు పెట్టెల్లో ఇటువంటి నక్షలు, ఇంజన్లు ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. మనుమలను కూర్చోబెట్టి ఒక్కటైనా కట్టించండి. విద్యుత్ తీగలు లేని మైదానం చూసి, చూసేవారిని దూరంగా నిలబెట్టి ఎగరవేయండి. మన తరం చేతుల్లో ఉన్న ఈ విద్య మనతోనే ఆగిపోకూడదు.