క్లోరోఫారము వివాదము: హైదరాబాదు నేర్పిన పాఠము

1847లో ఎడింబరోయందు సింప్సన్ అను వైద్యుడు ప్రచారమునకు దెచ్చిన క్లోరోఫారము రోగికి శస్త్రవేదనను మఱపించినను, అప్పుడప్పుడు బల్లపైననే ఆకస్మికమరణమును గూడ దెచ్చుచుండెను. అట్టి మరణమున ముందు ఆగునది శ్వాసయా, గుండెయా యను వివాదము వైద్యలోకమును రెండుగా జీల్చెను.

హైదరాబాదున అఫ్జల్‌గంజు ఆసుపత్రి వైద్యుడైన ఎడ్వర్డు లారీ, శ్వాసను గమనించిన చాలును, గుండెకు భయము లేదని దృఢముగా నమ్మి, 1888లో నొక కమిషనును నడపెను. దాని నిర్ణయమును లండనులోని లాన్సెట్ పత్రిక శంకింపగా, నిజాము మహబూబ్ అలీఖాను ధనమిచ్చి, ఆ పత్రిక యెన్నిన వైద్యుడు లాడర్ బ్రంటనును మఱల పరీక్షించుటకై 1889లో రప్పించెను. వందలాది మూగజీవులు, ముఖ్యముగా శునకములు, పరీక్షలకు బలికాగా, తీర్పు లారీ పక్షమునకే లభించెను.

దూది నమర్చిన శంకువును రోగి ముఖముపై నుంచి, నాడిని విడిచి, ఱొమ్ము ఎగసిపడుటనే చూచుచు మత్తునిచ్చు పద్ధతికి ఆ తీర్పు బలమిచ్చెను. కాని 1911లో లెవీ యను పరిశోధకుడు, తేలికపాటి మత్తులోనే క్లోరోఫారము గుండెలయను చెదరగొట్టి చంపగలదని పిల్లులపై నిరూపించెను.

లారీ దయాహీనుడు గాడు. సందేహమునకు చోటియ్యని నమ్మకమే ఆయన దోషము. మత్తులో నున్నవాడు ప్రశ్నింపలేడు. వాని తరఫున ప్రశ్నింపవలసినవాడు వైద్యుడే. ఆ ప్రశ్న నిలిచిపోయిన నాడు విద్య యెంత గొప్పదైనను రోగికి రక్ష లేదు.