ఇప్పచెట్టు నీడన విందు

నలుగురు స్నేహితులను సాయంకాలం ఇంటికి పిలిచి, పానీయమూ ఉపాహారమూ చేతికందించి, రెండు గంటల కాలక్షేపంతో సాగనంపే పద్ధతికి పట్టణాలలో ‘కాక్‌టెయిల్ పార్టీ’ అని పేరు. 1806లో అమెరికాలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి ఈ కాక్‌టెయిల్ అన్న మాటకు అర్థం చెబుతూ, సారాయి, పంచదార, నీరు, చేదుమూలికల రసం కలిపిన పానీయమని వివరించింది. తరువాతి కాలంలో వీటికి సీసాల ఖరీదూ గాజుపాత్రల డాబూ తోడై, గృహస్థు లెక్క వేసుకోనిదే అతిథిని పిలవలేని స్థితి ఏర్పడింది. స్వల్పవ్యయంతో గౌరవంగా విందు చేయడం ఎట్లా అన్న ప్రశ్నకు మన ఆదిలాబాదు, కరీంనగరు సీమల చరిత్రలో ఒక సమాధానం ఉన్నది. ఆ విందు ఎట్లా ఖరీదైనదైపోయిందో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

ఆదిలాబాదు అడవులలో ఇప్పచెట్టు గోండులకు కల్పవృక్షం వంటిది. వేసవి తొలినాళ్లలో, ఆకు రాలిన కొమ్మలకు గుత్తులుగా పూచిన పువ్వు తెల్లవారుజామున నేల రాలుతుంది. స్త్రీలూ పిల్లలూ చీకటితోనే గంపలు పట్టుకొని వెళ్లి ఏరి తెచ్చి ఎండబోస్తారు. ఎండిన పువ్వు బరువులో సుమారు సగం చక్కెరయే. అందువల్ల వేరే బెల్లం అక్కరలేదు. నీటిలో నానబోసి, కొన్నాళ్లు పులియనిచ్చి, కుండమీద కుండ నిలిపి, లేచిన ఆవిరిని చల్లార్చి పడితే ఇప్పసారా సిద్ధమవుతుంది. పువ్వు చెట్టు ఇచ్చింది, నీరు వాగు ఇచ్చింది, కట్టెలు అడవి ఇచ్చింది. ఇంటివారు పెట్టవలసినది రెక్కల కష్టం మాత్రమే. ఆ పువ్వే కరవు రోజులలో ఉడికించుకొని తినే ఆహారం. ఆ చెట్టు గింజలే దీపానికీ వంటకూ నూనె.

ఈ పానీయానికి సభామర్యాద దక్కేది దీపావళి నాళ్లలో జరిగే దండారి పండుగలో. నెమలిపింఛాల కిరీటాలు ధరించిన గుస్సాడీలతో ఒక ఊరి బృందం మరొక ఊరికి అతిథిగా వెళుతుంది. తుడుములూ పెప్రెలూ మ్రోగుతుండగా ఆతిథ్యమిచ్చే ఊరు ఎదురువచ్చి ఆహ్వానిస్తుంది. అతిథులు ఒకరిద్దరు కారు, ఒక ఊరి జనం. అంతమందికి అన్నం పెట్టే భారాన్ని ఏ ఒక్క ఇంటి నెత్తినా వేయక ఊరంతా పంచుకొంటుంది. ఇంట పండిన జొన్నలూ పప్పులూ వస్తాయి. అడవి ఆకులే విస్తళ్లూ దొప్పలూ అవుతాయి. త్రాగేముందు నాలుగు చుక్కలు దేవతలకూ పితరులకూ నేలపై విడిచిపెడతారు. ఆదిలాబాదు గోండుల జీవితాన్ని ఆస్ట్రియా దేశీయుడైన హైమండార్ఫ్ పండితుడు 1940ల దశకంలో వారి నడుమ నివసించి పరిశీలించి, 1948లో గ్రంథస్థం చేశాడు. ఆయన నివసించిన మర్లవాయి గ్రామానికి చెందిన గుస్సాడీ నర్తకుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది.

గోదావరి దాటి దక్షిణానికి, కరీంనగరు మైదానాలకు వస్తే ఇప్పసారా స్థానంలో కల్లు కనిపిస్తుంది. తాటిచెట్టూ ఈతచెట్టూ ఎక్కి గౌడులు గీసి దించిన కల్లు ఊరి పండుగలకూ చుట్టాల రాకకూ తప్పనిసరి. గ్రామదేవతకు మొదట సాక పోసిన తరువాతనే మనుషుల వంతు. తోడుగా ఉడికించిన గుడాలు చాలు. ఇప్పపువ్వు నెలల తరబడి నిలువ ఉంటుంది. కల్లు ఆనాటిది ఆనాడే త్రాగవలసినది, మరునాటికి పులిసి చెడుతుంది. కనుక పూర్వం దానిని దాచిపెట్టి వ్యాపారం చేయడానికి వీలుండేది కాదు.

ఇంత చవుకైన విందుకు ధర కట్టినది రాజ్యం. నిజాం ప్రభుత్వానికి ఆబ్కారీ పెద్ద ఆదాయమార్గం. అమ్మకపు హక్కులు వేలంలో గుత్తేదారులకు దక్కేవి. తాటిచెట్టుకు పన్ను, దుకాణానికి పాట. 1316 ఫసలీలో, అంటే 1906 ప్రాంతంలో, వచ్చిన హైదరాబాదు ఆబ్కారీ చట్టం ఈ వ్యవస్థను శాసనబద్ధం చేసింది. అనుమతి లేక సారా కాచడం నేరం. బ్రిటిషు ఇండియాలోనూ ఇదే ధోరణి. 1892లో బొంబాయి ప్రభుత్వం ఠాణా, కొలాబా జిల్లాలలో ఇప్పపువ్వు నిలువ చేసుకోవడాన్నే కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. పేదలు తినే పువ్వు అని తెలిసి కూడా రాజ్యం వెనుదీయలేదు. తన చెట్టు పువ్వుతో తన అతిథికి మర్యాద చేసే గృహస్థు ఒక్క రాతతో అపరాధి అయినాడు. లేదా రొక్కం పట్టుకొని దుకాణానికి పోవలసివచ్చింది.

దీనితో ధర మాత్రమే కాదు, విందు స్వభావమే మారింది. పండుగనాటి పానీయం ప్రతిదినపు అంగడి సరుకైంది. పదిమందితో పంచుకొనేది ఒంటరి వ్యసనమైంది. స్వాతంత్ర్యం తరువాతనూ ఆబ్కారీ ఆదాయంపై ప్రభుత్వాల మోజు తగ్గలేదు. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చింది. 1980లలో సారాయి పొట్లాలుగా పల్లెపల్లెకూ చేరింది. కూలిడబ్బు దుకాణంలో కరిగిపోతుంటే ఆ లోటు వంటింటిలో తెలిసేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. సారా పోయినా సీసా మిగిలింది. తెలంగాణ పట్టణాలలో కల్లులో సైతం మత్తుమందులు కలిపే దురాచారం ప్రబలింది.

పూర్వపు విందులో దోషమే లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. సారా ఎవరి కుండలో కాచినా సారాయే. కాని ఆ విందుకు మూడు కట్టుబాట్లుండేవి: పండుగనాడే త్రాగడం, నలుగురి నడుమ త్రాగడం, దేవతకూ పెద్దలకూ అర్పించి త్రాగడం. అంగడికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

నేడు ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు అదే ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. అతిథి చేతిలో అదొకటి పెట్టి, చల్లని మంచినీళ్లిచ్చి, ఆ చెట్టు కథ చెప్పే గృహిణి ఇంట విందుకు లోటేమున్నది? ఖర్చు స్వల్పం. మర్యాద మాత్రం దండారికి ఎదురువచ్చిన ఊరి మర్యాదయే.