అరికమేడు పూసలు: రోమన్ వర్తకం పక్కన పెట్టేసిన చేతిపని

అరికమేడు గురించి మీ నోట్స్‌లో ఏముందో నేను చూడకుండానే చెప్పగలను. పెరిప్లస్‌లోని పొదుకే, 1945లో వీలర్ తవ్వకాలు, ఆరెటైన్ పాత్రలు, ఆంఫోరాలు, రోమన్ వర్తకం. నా నోట్స్‌లోనూ ఇంతే ఉండేది. ఒక మాక్ టెస్టులో దీన్నే రెండు పేజీలకు సాగదీశాను. దిద్దినాయన మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాశారు: "వచ్చిన సరుకు సరే, ఇక్కడ ఏం తయారైంది? ఎలా?" 10కి 3 మార్కులు. అప్పుడు కోపం వచ్చింది గానీ, ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక్క వాక్యం కూడా లేదు.

నేనుండే గది పుదుచ్చేరిలోని రెడ్డియార్‌పాళయంలో, విళుప్పురం వెళ్లే రోడ్డు వైపు. అరికమేడు పట్టణానికి దక్షిణాన సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున ఉంది. వెళ్లి చూస్తే కొబ్బరి, మామిడి చెట్లు, పాత ఇటుక గోడలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. పూసల సంగతి నాకు అర్థమైంది అక్కడ కాదు, మా వీధికి దగ్గర్లో తెలిసినవాళ్ల షెడ్డులో గాజు పూస చేయడం నేర్చుకోబోయిన రోజున.

ఆ పని చూడటానికి తేలిక. సన్నని స్టీలు పుల్లకు మెత్తటి మట్టి పూత పూసి ఆరబెడతారు. గాజు కడ్డీని గ్యాస్ మంటలో కరిగించి ఆ పుల్ల చుట్టూ చుడతారు. పుల్లను తిప్పుతూనే ఉండాలి, ఆపితే గాజు ఒక పక్కకు జారిపోతుంది. నా మొదటి కడ్డీని నేరుగా మంటలో పెట్టేసరికి టప్పున పగిలి ముక్కలు ఎగిరాయి. రెండో పూస బాగానే వచ్చింది గానీ బయట గాలికి పెట్టేసరికి బీటలు వారింది. వేడెక్కించడమూ చల్లార్చడమూ రెండూ నెమ్మదిగా జరగాలట. సాయంత్రానికి చేతిలో మిగిలినవి నాలుగు పూసలు, అందులో ఒకటి గుండ్రం.

ఇప్పుడు అసలు విషయం. ఇలా ఒక్కొక్కటిగా చుట్టిన పూసలతో అరికమేడు వర్తకం సాగి ఉండదు. అక్కడ ఎక్కువగా దొరికేవి 5, 6 మిల్లీమీటర్లకు మించని ఒకే రంగు చిన్న పూసలు. ఇవి చుట్టినవి కావు, సాగదీసినవి. కరిగిన గాజు ముద్దను లాడా అనే బోలు ఇనుప గొట్టం కొసన శంకువులా పట్టిస్తారు. గొట్టం లోపలి నుంచి ఇనుప ఊచ పోనిచ్చి ముద్దలో బోలు చేస్తారు. తర్వాత దాన్ని కొలిమిలో ఉంచి, అవతలి వైపు నుంచి ఒక మనిషి కొక్కెంతో గాజును పట్టి లాగుతాడు. ముద్ద కరుగుతున్నకొద్దీ సన్నని బోలు తీగ వస్తూనే ఉంటుంది. లాగే వేగం మారితే తీగ మందం మారుతుంది, కాబట్టి ఆ చెయ్యి బాగా తిరిగిన చెయ్యి అయి ఉండాలి. ఆ తీగల్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. రంధ్రాలు పూడిపోకుండా, ముక్కలు ఒకదానికొకటి అతుక్కోకుండా బూడిద కలిపి మళ్లీ వేడి చేస్తారు. పదునైన అంచులు కరిగి గుండ్రబడతాయి. ఒక్క ముద్ద నుంచి వేలకొద్దీ పూసలు. చవకగా, గుట్టలుగా చేసి ఓడలకెక్కించగలిగింది ఈ పద్ధతి వల్లే.

రెండింటికీ తేడా భూతద్దంతో తెలుస్తుంది. చుట్టిన పూసలో గాలి బుడగలు, గీతలు రంధ్రం చుట్టూ తిరుగుతాయి. సాగదీసిన పూసలో రంధ్రం వెంట నిలువుగా ఉంటాయి. పుదుచ్చేరి మ్యూజియంలో అరికమేడు వస్తువులున్నాయి, వెళ్లినప్పుడు ఇది గుర్తుంచుకుని చూడండి.

ఇంకో మెళకువ కూడా ఉంది. పూస దొరికినంత మాత్రాన అక్కడే చేశారని అనలేం, కొని తెచ్చుకుని ఉండొచ్చు. కోసి పారేసిన తీగ ముక్కలు, లాడాకు అంటుకుని మిగిలిపోయిన గాజు, ముడి గాజు గడ్డలు దొరికితే అది తయారీ కేంద్రం. అరికమేడులో ఈ వ్యర్థాలు దొరికాయి. వాటిని లాడా పనితో ముడిపెట్టినవాడు అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్. ఈ పూసలకు ఇండో-పసిఫిక్ పూసలు అన్న పేరు స్థిరపడిందీ ఆయన వల్లే. ఆఫ్రికా తీరం నుంచి ఇండోనేషియా, కొరియా, జపాన్ వరకు ఇవి దొరికాయి. అయితే అన్నీ అరికమేడువే అని రాయకండి. శ్రీలంకలోని మాంతై, థాయిలాండ్‌లోని ఖ్లాంగ్ థోమ్, వియత్నాంలోని ఓక్ ఎయో కూడా తయారీ కేంద్రాలే.

ఆ వ్యర్థాలు ఏమిటో ఆయనకు ఎలా తెలిసింది? బతికున్న పనివాళ్లను చూసి. ఆ ఊరు మన తెలుగు ఊరే: ఇప్పటి తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట. గుడిమల్లం శివలింగం చూడటానికి వెళ్లేవాళ్లు ఈ ఊరి మీదుగానే పోతారు. లాడా పని అక్కడ ఇటీవలి కాలం దాకా బతికింది. వర్తమాన వృత్తిని చూసి ప్రాచీన అవశేషాలను అర్థం చేసుకోవడాన్ని ఎత్నో-ఆర్కియాలజీ అంటారు, ఆప్షనల్ ఆంత్రోపాలజీ వాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త. పద్ధతి ఒకటే అయినంత మాత్రాన పాపానాయుడుపేట వాళ్లు అరికమేడు వాళ్ల వారసులని రుజువైనట్టు కాదు. "ఒకే సాంకేతిక సంప్రదాయం" అని రాయండి, "అదే వంశం" అని రాయకండి.

గాజు రసాయనం కూడా ఇటే మొగ్గుతుంది. రోమన్ గాజు నేట్రాన్ సోడాతో చేసింది, అందులో అల్యూమినా తక్కువ. దక్షిణ భారతంలో విస్తారంగా దొరికే సోడా గాజులో అల్యూమినా ఎక్కువ. రంగుల విషయానికొస్తే, రాగి కలిపిన గాజు గాలి తక్కువ మంటలో ముదురు ఎరుపు, గాలి బాగా తగిలితే ఆకుపచ్చ-నీలం. ఆ ఎర్ర పూసలు వేలల్లో ఒకే రంగులో రావాలంటే కొలిమి ముందు కూర్చున్నవాడికి గాలిని ఎంత బిగించాలో చేతి లెక్కలో తెలిసి ఉండాలి.

వీలర్‌ను తక్కువ చేయమని నేననడం లేదు. తేదీ తెలిసిన ఇటాలియన్ పాత్రల ఆధారంగా దక్షిణ భారత కుండలకు కాలం కట్టడం ఆయన చేసిన పెద్ద పని. కానీ ఆయన చూపు రోము వైపే ఉంది. 1989-92లో విమలా బెగ్లీ బృందం తవ్వకాలు, రోమన్ సరుకు రాకముందే ఇక్కడ ఊరు ఉందని చూపాయి. కాబట్టి "రోమన్లు స్థాపించిన స్థావరం" అన్న పాత వాక్యం మీ నోట్స్‌లో ఉంటే కొట్టేయండి.

సాధన ప్రశ్న (150 పదాలు): "అరికమేడు ప్రాముఖ్యం రోమన్ దిగుమతుల్లో కంటే స్థానిక ఉత్పత్తిలో ఎక్కువగా ఉంది." పురావస్తు ఆధారాలతో చర్చించండి. రాసేటప్పుడు లాడా పద్ధతికి కనీసం రెండు వాక్యాలు కేటాయించండి, చిన్న రేఖాచిత్రం వేస్తే ఇంకా మంచిది.